నమ్మదగిన పిస్టల్ అంటే ఏది?

గోడపత్రికలో కథలు, కవితలు చదివే మీకు పిస్టల్ మీద వ్యాసం కాస్త వింతగా ఉండొచ్చు. కానీ నేను ఆదివారాలు రైఫిల్ క్లబ్బుకు వెళ్తానని తెలిసినప్పటి నుంచీ జూనియర్లది ఒకటే ప్రశ్న: "అక్కా, ఏ పిస్టల్ కొంటే మంచిది?" 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్ రెండు కాంస్య పతకాలు తెచ్చాక ఈ ప్రశ్న ఇంకా ఎక్కువైంది. ఒకమ్మాయి వాళ్ళ నాన్నగారైతే అప్పు చేసైనా కొనిపెడతానన్నారట. అందుకే ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ ఒకేచోట రాస్తున్నాను.

ముందు మాట సంగతి. మన తుపాకి, ఇక్కడి తమిళుల తుప్పాక్కి రెండూ టర్కీ మాట 'తుఫెక్'కు చుట్టాలే. పాత పుస్తకాల్లో 'పిస్తోలు' అని ఉంటుంది గానీ, క్లబ్బులో అందరూ పిస్టల్ అనే అంటారు. నేనూ అలాగే రాస్తాను.

అమ్మాయిలకు ఒలింపిక్స్‌లో ఉన్న పిస్టల్ పోటీలు ముఖ్యంగా రెండు. ఒకటి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్. ఇందులో మందు ఉండదు, గాలి ఒత్తిడే గుండును తోస్తుంది. రెండోది 25 మీటర్ల పిస్టల్. ఇది 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ నుంచి ఉంది. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వెండి పతకం గెలిచింది ఇందులోనే. దీంట్లో వాడేది .22 తూటా. మనలో ఎన్.సి.సి. వాళ్ళు రైఫిల్‌తో పేల్చేదీ .22 తూటానే.

ఈ .22 తూటాను రిమ్‌ఫైర్ అంటారు, అంటే అంచు దగ్గర రాజుకునేది. తూటా అడుగున పళ్ళెం అంచులా కొంచెం బయటికి వచ్చిన అంచు ఉంటుంది. ఆ అంచు లోపల బోలు. తూటాను గిరగిరా తిప్పి, దెబ్బకు రాజుకునే మందును ఆ బోలులోకి చేరుస్తారు. పిస్టల్‌లోని సూది ఆ అంచును కొడితే మందు అంటుకుంటుంది. తయారీ చవక, అదురు తక్కువ, చప్పుడూ తక్కువ. నేర్చుకునేవాళ్ళకు అందుకే ఇది నచ్చుతుంది.

తంటా కూడా ఆ అంచుతోనే. ఎక్కడైనా మందు సరిగా పరుచుకోకపోతే సూది పడినా తూటా తుస్సుమంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచు వెనక చిక్కుకుంటే తూటా ముందుకు కదలదు. మూడోది, పేలిన బలమే పిస్టల్ వెనక భాగాన్ని తోసి ఖాళీ గొట్టాన్ని బయటికి పడేయాలి. .22 బలం తక్కువ కాబట్టి, తూటా కాస్త మెత్తబడినా, లోపల మైనమూ మసీ పేరుకున్నా ఆ పని సగంలో ఆగిపోతుంది.

ఆగితే ఏమవుతుంది అంటారా? 25 మీటర్ల పోటీలో 60 గుళ్ళు. మొదటి 30 నిదానంగా, ఐదు గుళ్ళకు ఐదు నిమిషాల చొప్పున. తరవాతి 30 మాత్రం ఒక్కో గుండుకు మూడే సెకన్లు. మేడమ్ గారు కందపద్యం మొదటి పాదం చదివేలోపు కిందికి దించి ఉన్న చెయ్యి లేపాలి, గురి చూడాలి, పేల్చాలి. ఏడు సెకన్లు ఆగి మళ్ళీ. పిస్టల్ మొరాయిస్తే దాన్ని ముట్టుకోకుండా, గొట్టం గురి వైపే ఉంచి, చెయ్యెత్తి అధికారిని పిలవాలి. తప్పు పిస్టల్‌దో తూటాదో అయితే మళ్ళీ అవకాశం ఇస్తారు. తూటా పెట్టడం మరిచిపోయినా, సేఫ్టీ తీయకపోయినా ఇవ్వరు. అవకాశం దొరికినా మనసు చెదిరిపోతుంది. 2021లో టోక్యోలో మనూ భాకర్‌కు ఎయిర్ పిస్టల్ మధ్యలో పాడై విలువైన నిమిషాలు పోయాయి, ఫైనల్‌కు చేరలేకపోయింది. అంత గొప్ప షూటర్‌కే అలా అయ్యింది గదా!

అందుకే నా లెక్కలో మంచి పిస్టల్ అంటే మన చేతిలో, మనకు దొరికే తూటాతో, ప్రతిసారీ పేలేది. పేరు తరవాత. పోటీల్లో కనబడే పార్దిని, వాల్తర్, మోరిని, ఫైన్‌వెర్క్‌బావ్ అన్నీ పేరున్నవే. వాటిలో ఏది మనదో తేల్చుకోవడానికి మా క్లబ్బులో నేర్పిన పద్ధతి ఇది.

మొదట చెయ్యి. మన అరచేతులు చిన్నవి. పిడి పెద్దదైతే వేలు ట్రిగ్గర్ దాకా సాగి, నొక్కేటప్పుడు పిస్టల్‌ను పక్కకు లాగేస్తుంది. చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద నిటారుగా పడాలి. కళ్ళు మూసుకుని ఖాళీ పిస్టల్‌ను గురి వైపు లేపి కళ్ళు తెరవండి. ముందూ వెనకా గురికట్లు దాదాపు ఒకే వరసలో ఉంటే ఆ పిడి మీది. కొయ్య పిడి అయితే ఆకురాయితో అరగదీసి, పుట్టీతో నింపి సరిచేసుకోవచ్చు. సోవియట్ దేశపు మిఖాయిల్ మార్గోలిన్ చూపు పోయాక కూడా .22 పిస్టల్‌ను రూపొందించాడు. పిస్టల్ విషయంలో చేతి స్పర్శ ఎంత ముఖ్యమో ఆయన కథే చెబుతుంది.

రెండు, ట్రిగ్గర్. 25 మీటర్ల పోటీ నియమం ప్రకారం దాని బరువు కనీసం 1000 గ్రాములు ఉండాలి. ఎయిర్ పిస్టల్‌కు 500 చాలు. ఎయిర్ పిస్టల్‌కు అలవాటుపడిన వేలికి ఇది మొదట్లో బరువనిపిస్తుంది. చూడాల్సింది బరువు ఒకటే కాదు, ప్రతిసారీ ఒకేలా విడుస్తోందా లేదా అన్నది.

మూడు, తూటా పరీక్ష. ఒక పెట్టెలో 50 తూటాలు. ఐదేసి చొప్పున పది విడతలు పేల్చి, ఎన్నిసార్లు ఆగిందో, ఎలా ఆగిందో నోటుబుక్కులో రాయండి. మ్యాగజైన్లకు అంకెలు వేయండి. ఎప్పుడూ ఒకే మ్యాగజైన్‌తో ఆగుతుంటే తప్పు దానిదే. పేలకపోతే గొట్టం గురి వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, కోచ్ గారి ముందే తూటా తీసి అంచు చూడండి. గాటు లోతుగా ఉంటే తూటా తప్పు కావచ్చు, పైపైన ఉంటే సూదినో స్ప్రింగునో అనుమానించాలి. ఈ పిస్టళ్ళు మామూలు వేగపు తూటాకు తయారైనవి. వేగం ఎక్కువైతే మంచిదనుకుని హై వెలాసిటీ తూటా వేయకూడదు.

మా క్లబ్బులో అమ్మాయిలకు రెండు పిస్టళ్ళున్నాయి. ఒకటి కొత్తది, మెరుస్తూ ఉంటుంది. ఇంకొకటి రంగు పోయిన పాతది. ఈ సీజనుకు దేనితో ఆడతావో చెప్పమన్నారు కోచ్ గారు. రెండు ఆదివారాలు రెండింటినీ పరీక్షించాను. కొత్తది మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ రెండో నంబరు మ్యాగజైన్‌తోనే. దాన్ని బాగుకు పంపారు. పాతది ఒక్కసారి కూడా ఆగలేదు, పిడి కూడా నా చేతికి సరిపోయింది. నేను పాతదే చెప్పాను.

చివరగా కొనడం సంగతి. .22 పిస్టల్‌కు 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. మన వయసువాళ్ళు క్లబ్బులో, కోచ్ గారి కళ్ళెదుట, క్లబ్బు పిస్టల్‌తోనే నేర్చుకోవాలి. మొదట ఎయిర్ పిస్టల్‌తో ఏడాదైనా నిలబడి చూడండి. కాబట్టి ఆ నాన్నగారికి నా మనవి ఒక్కటే: అప్పు ఇప్పుడే వద్దండీ. అమ్మాయిని ఒక ఆదివారం క్లబ్బుకు పంపండి, చేతిలో ఒక నోటుబుక్కు ఉంటే చాలు.