కాటా ఊరు మారితే తూకం మారుతుంది
ఢిల్లీలో సరిచేసిన ఎలక్ట్రానిక్ కాటాను తెచ్చి హైదరాబాద్ దుకాణంలో పెట్టి, దానిపై సరిగ్గా కిలో బంగారు కడ్డీని ఉంచితే అది చూపే తూకం సుమారు 999.2 గ్రాములు. కడ్డీ అరగలేదు. కాటా చెడిపోలేదు. అయినా అమ్మకందారుకు 800 మిల్లీగ్రాముల బంగారం నష్టం. 30 కిలోల వెండి దిమ్మపై ఈ తేడా 24 గ్రాములు.

ఒక వస్తువులో ఉన్న పదార్థం ఎంతో చెప్పేది ద్రవ్యరాశి. ఆ వస్తువును భూమి తనవైపు లాగే బలం భారం. ద్రవ్యరాశి ఏ ఊళ్లోనైనా ఒక్కటే. భారం మాత్రం ఊరినిబట్టి మారుతుంది. భూమి మధ్యలో ఉబ్బి, ధ్రువాల వద్ద కొంత అణగి ఉండటం, తనచుట్టూ తాను తిరగటం ఇందుకు కారణాలు. అందువల్ల భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి పోయేకొద్దీ భారం పెరుగుతుంది. ఎత్తైన చోట్ల తగ్గుతుంది. వెయ్యి మీటర్ల ఎత్తుకు ఈ తగ్గుదల కిలోకు సుమారు 0.3 గ్రాములు.

పాతకాలపు రెండు సిబ్బెల త్రాసుకు ఈ చిక్కు లేదు. ఒక సిబ్బెలో సరుకును, మరోదానిలో రాళ్లను భూమి ఒకే విధంగా లాగుతుంది. కనుక ఎక్కడ తూచినా తూకం ఒక్కటే. ఎలక్ట్రానిక్ కాటా, స్ప్రింగ్ కాటా అలాకాదు. అవి కొలిచేది భారాన్ని, చూపేది కిలోలను. సరిచేసిన ఊళ్లోని లెక్కనే మరో ఊళ్లోనూ వాడితే తప్పు వస్తుంది. హైదరాబాద్‌లో సరిచేసిన కాటాను ఢిల్లీకి తీసుకుపోతే కిలోకు 0.8 గ్రాములు ఎక్కువ చూపుతుంది. అప్పుడు నష్టం కొనుగోలుదారుది.

అయితే ప్రతి తరుగునూ దీనికి అంటగట్టరాదు. గుంటూరులో లోడయిన మిర్చి ఢిల్లీలో క్వింటాలుకు రెండు కిలోలు తగ్గితే అది గురుత్వాకర్షణ పని కాదు. ఏ ఊరి కాటా ఆ ఊళ్లోనే సరిచేసినదైతే ఈ కారణంగా తేడా రానేరాదు. గుంటూరు కాటానే ఢిల్లీకి తీసుకుపోయి తూచినా తూకం పెరుగుతుందే కాని తగ్గదు. అదీ క్వింటాలుకు 70 గ్రాముల ప్రాంతంలోనే. అంత తరుగు వచ్చినపుడు చూడవలసింది సరుకులో తేమను, బస్తాలను, కాటాను.

పరిహారం కష్టమైనది కాదు. కాటాను వాడే చోటనే ప్రమాణ రాళ్లతో సరిచేయించాలి. ఊరు మార్చినపుడు మళ్లీ తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం వ్యాపారంలో వాడే కాటాకు తనిఖీ, ముద్ర తప్పనిసరి. ముద్ర ఉంది కదా అని పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన కాటాను నేరుగా బల్లపై పెట్టడం మంచిది కాదు. నమ్మకమైన కిలో రాయి ఒకటి దుకాణంలో ఉంచుకుని, ముందుగా దాన్ని తూచి చూసుకుంటే ఎవరి సొమ్ము ఎటు పోతున్నదీ తెలిసిపోతుంది.