మీకు తెలుసా? నాక్ట్‌ఖెబోరెన్ అనే ఇంటిపేరు

నెదర్లాండ్స్‌లో నాక్ట్‌ఖెబోరెన్ అనే ఇంటిపేరు ఉందని మీకు తెలుసా? ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పుకుంటే 'బట్టల్లేకుండా పుట్టినవాడు' అని అర్థం. బళ్ళో హాజరు పిలిచినప్పుడూ, బ్యాంకులో పేరు చెప్పాల్సి వచ్చినప్పుడూ ఆ ఇంటివాళ్ళకు ఎదుటివాళ్ళ నవ్వు తప్పదని వేరే చెప్పక్కర్లేదు. ఆ నవ్వుతోపాటు ఒక కథ కూడా తరతరాలుగా చలామణీలో ఉంది. ముందు ఆ కథ చెబుతాను. అది ఎందుకు నిజం కాదో తర్వాత చూద్దాం.

1810 జులైలో నెపోలియన్ హాలండ్ రాజ్యాన్ని ఫ్రాన్స్‌లో కలిపేసుకున్నాడు. అప్పటిదాకా ఆ సింహాసనం మీద ఉన్నది అతని సొంత తమ్ముడు లూయీయే. మరుసటి ఏడు, 1811 ఆగస్టు 18న ఒక ఉత్తర్వు వెలువడింది. స్థిరమైన ఇంటిపేరు లేనివాళ్ళంతా ఏడాదిలోగా ఒకటి ఎంచుకుని, మేయరు దగ్గర రాయించుకోవాలి. ఈ పరాయి పెత్తనం ఎన్నాళ్ళులే అనుకున్న కొంటెవాళ్ళు నోటికి వచ్చిన పేర్లు చెప్పారట. అందులో ఒకడు, "అందరం ఒంటి మీద నూలుపోగు లేకుండా పుట్టినవాళ్ళమేగా, అదే రాసుకో" అన్నాడట. ఫ్రెంచి గుమాస్తాకు డచ్ భాష రాదు కాబట్టి అలాగే రాసుకున్నాడట. నెపోలియన్ పోయాడు, ఆ పేరు మాత్రం మనవల మెడకు చుట్టుకుంది.

వినడానికి బాగుంది. అధికారాన్ని సామాన్యుడు బురిడీ కొట్టించాడంటే ఎవరికి నచ్చదు? అందుకే నెదర్లాండ్స్‌లో నవ్వు పుట్టించే ప్రతి ఇంటిపేరుకూ ఈ కథే అంటగడతారు. కానీ పాత దస్తావేజులు వేరే మాట చెబుతున్నాయి. నాక్ట్‌ఖెబోరెన్ అన్న పేరు 1811కు చాలా ముందు నుంచే ఆ దేశంలో ఉంది. నెపోలియన్ గుమాస్తా రాయకముందే ఆ ఇంట్లో తరాలు గడిచిపోయాయి.

మరి ఎక్కడిదీ పేరు? ఇంటిపేర్లను అధ్యయనం చేసేవాళ్ళు దీని మూలం జర్మన్ భాషలో ఉందంటారు. అక్కడ 'నాఖ్‌గెబోరెన్' అంటే తర్వాత పుట్టినవాడు, అంటే తండ్రి చనిపోయాక పుట్టిన బిడ్డ. ఆ రోజుల్లో పనుల కోసం జర్మన్ ప్రాంతాల నుంచి హాలండ్‌కు వచ్చిపోయేవాళ్ళకు లెక్కలేదు. గడ్డి కోసేవాళ్ళు, ఓడల్లో చేరేవాళ్ళు, సైన్యంలో కుదిరేవాళ్ళు ఏటా వచ్చేవారు. వాళ్ళలో కొందరు స్థిరపడిపోయారు. వాళ్ళ పేర్లు డచ్చివాళ్ళ చెవికి ఎలా వినిపిస్తే అలా మారాయి. 'నాఖ్' అన్న మాట తమ భాషలోని 'నాక్ట్'లా వినిపించింది. అంతే, తండ్రి లేని బిడ్డ బట్టల్లేని బిడ్డ అయ్యాడు.

ఇది తెలిశాక ఆ పేరు విని నవ్వడం నాకు కష్టమైపోయింది. కడుపుతో ఉండగానే భర్తను పోగొట్టుకున్న ఒక తల్లి, తండ్రి ముఖం ఎరుగని ఒక బిడ్డ, ఆ సంగతినే ఆ బిడ్డకు గుర్తుగా చేసిన ఊరు. ఇంత దుఃఖం ఆ నాలుగు అక్షరాల చాటున ఉంటే, జనం చెప్పుకునేది గుమాస్తా కథ.

ఈ ఇంటివాడే ఒకాయన జంతుశాస్త్రవేత్త అయ్యాడు. పేరు కార్నెలిస్ నాక్ట్‌ఖెబోరెన్. ఆయన ముఖ్యంగా దేని మీద పనిచేశాడో తెలుసా? పుట్టుక మీద. జంతువుల్లో ప్రసవం ఎలా మొదలవుతుంది, తల్లి ఏం చేస్తుంది, పిల్ల ఎలా బయటికి వస్తుంది అన్నదే ఆయన విషయం. తిమింగలాల మీద పరిశోధనకు పేరుపడ్డ ఎవర్‌హార్డ్ స్లైపర్‌తో కలిసి రాసిన 'పుట్టుక జీవశాస్త్రం' అనే గ్రంథం 1970లో జర్మన్ భాషలో వెలువడింది. దాని అట్ట మీద ఆ ఇంటిపేరు చూసిన పాఠకులు ఇది కలంపేరేమో అనుకుని ఉంటారు. కాదు, తాతముత్తాతల పేరే.

ఇలాగే అపార్థానికి గురైన మరో పేరు స్ప్రింగింట్‌ఫెల్ట్. 'పొలంలోకి దూకు' అని దాని అర్థం. దీన్ని కూడా నెపోలియన్ ఖాతాలో వేస్తుంటారు. కానీ ఇది హుషారైన సైనికులకు పెట్టే పాత మారుపేరు. 1670లోనే జర్మన్ రచయిత గ్రిమెల్స్‌హౌజెన్ ఇదే అర్థమున్న పేరుతో ఒక సైనికుణ్ణి కథానాయకుడిగా చేసి నవల రాశాడు.

1811 ఉత్తర్వు వల్ల అసలేం జరిగిందో చూస్తే కథ కంటే ఆసక్తిగా ఉంటుంది. హాలండ్ పట్టణాల్లోనూ, దక్షిణాన బ్రాబాంట్, లింబర్గ్ ప్రాంతాల్లోనూ చాలామందికి అప్పటికే వందల ఏళ్ళుగా ఇంటిపేర్లున్నాయి. వాళ్ళకు ఆ ఉత్తర్వుతో పెద్ద పనిలేదు. ఉత్తరాన ఫ్రీస్లాండ్, ఖ్రోనింగెన్, డ్రెంటె ప్రాంతాల పల్లెల్లో మాత్రం తండ్రి పేరే గుర్తు. పీటర్ కొడుకు యాన్ అయితే యాన్ పీటర్స్. ఆ యాన్‌కు పుట్టిన పీటరేమో పీటర్ యాన్స్. తరం మారితే పేరూ మారేది. చిత్రకారుడు రెంబ్రాంట్ పూర్తి పేరు చూడండి: రెంబ్రాంట్ హార్మెన్స్‌జోన్ ఫాన్ రైన్. హార్మెన్ కొడుకు రెంబ్రాంట్, రైన్ నది ఒడ్డున వాళ్ళకున్న పిండిమరను బట్టి ఫాన్ రైన్.

ఫ్రీస్లాండ్‌లో ఆనాడు పేర్లు రాసిన పుస్తకాలు లేవార్డెన్ పట్టణంలోని ట్రెసోఆర్ అనే పత్రాగారంలో ఇప్పటికీ ఉన్నాయి. ఇంటి పెద్ద వచ్చి తాను ఎంచుకున్న పేరు చెబుతాడు. తర్వాత తన కొడుకులు, కూతుళ్ళు, కొడుకుల పిల్లలు ఎవరెవరు, ఎవరికి ఎన్నేళ్ళు, ఎక్కడుంటున్నారు అన్నది వరుసగా రాయిస్తాడు. చివర సంతకం. రాయడం రానివాడైతే ఆ సంగతే అక్కడ రాసేవారు. మేయర్లూ గుమాస్తాలూ ఎక్కువగా స్థానికులే, వచ్చినవాడి భాషా తెలుసు, ఇంటి సంగతులూ తెలుసు. వాళ్ళను బురిడీ కొట్టించడం అంత తేలిక కాదు. పైగా అక్కడ ఎక్కువమంది రాయించిన పేర్లలో వేళాకోళం ఏమీ లేదు. గట్టు దగ్గర ఇల్లున్నవాడు డైక్‌స్ట్రా, మూల ఇంటివాడు హూక్‌స్ట్రా, రొట్టెలు చేసేవాడు బాక్కర్, చేపలు పట్టేవాడు ఫిస్సర్. ఎవరి ఇల్లు, ఎవరి వృత్తి వాళ్ళు చెప్పుకున్నారు.

జనానికి అప్పుడు హాస్యమాడే పరిస్థితి కూడా లేదు. పేరు నమోదంటే వాళ్ళకు పన్నులూ, సైన్యంలోకి బలవంతపు భర్తీ గుర్తుకొచ్చేవి. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1812లో నెపోలియన్ రష్యా మీదికి నడిపించిన సైన్యంలో సుమారు 15 వేల మంది డచ్ సైనికులున్నారని అంటారు. తిరిగి ఇల్లు చేరినవాళ్ళు అతి కొద్దిమంది. అందుకే చాలామంది నమోదుకు ముఖం చాటేశారు. గడువు పొడిగించాల్సి వచ్చింది. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయి పన్నెండేళ్ళయ్యాక, 1825లో రాజు మొదటి విల్లెమ్ ఇంకా పేరు లేనివాళ్ళ కోసం మళ్ళీ ఒక ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చిందంటే, మొదటి ఉత్తర్వును జనం ఎంత మాత్రం లెక్కచేశారో ఊహించుకోవచ్చు.

ఇప్పటి సంగతికి వద్దాం. ఏ ఇంటిపేరువాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పే జాబితా ఒకటి ఆమ్‌స్టర్‌డాంలోని మేర్టెన్స్ పరిశోధన సంస్థ తయారు చేసింది. పేరు ఇస్తే చాలు, 1947 జనాభా లెక్కల నాటికి ఎందరు, 2007 నాటికి ఎందరు, ఏ ఊరి చుట్టుపక్కల ఎక్కువ అన్నది పటంతో సహా చూపిస్తుంది. అందులో ఉన్న పేర్లు 3 లక్షలకు పైగా. అందరికంటే పైనున్న డె యోంగ్ ఇంటివాళ్ళు 80 వేలకు మించి ఉన్నారు. యాన్సెన్, డె ఫ్రీస్ దాని వెనకే ఉంటాయి. వాళ్ళ పక్కన పెడితే నాక్ట్‌ఖెబోరెన్ ఇంటివాళ్ళు గుప్పెడు. ఇక అట్టడుగున ఉన్న పేర్ల ఎదురుగా అంకె కూడా ఉండదు, 'ఐదుగురి కంటే తక్కువ' అని మాత్రం ఉంటుంది. అంకె వేస్తే ఆ మనిషి ఎవరో ఇట్టే తెలిసిపోతుంది కదా.

అరుదైన పేర్లలో నన్ను ఎక్కువగా ఆపేసింది ఫ్రీస్డె. పైన చెప్పిన డె ఫ్రీస్‌ను ముందు భాగం వెనక్కి, వెనక భాగం ముందుకు తిప్పితే వచ్చిన పేరిది. తిప్పింది ఎవరో తెలిస్తే మనసు చివుక్కుమంటుంది. దక్షిణ అమెరికాలోని సురినామ్ అప్పుడు డచ్చివాళ్ళ వలసరాజ్యం. అక్కడి చెరకు, కాఫీ తోటల్లో బానిసలుగా ఉన్న 30 వేల మందికి పైగా ఆఫ్రికా సంతతివాళ్ళకు 1863 జులై 1న విముక్తి దొరికింది. అప్పటిదాకా వాళ్ళకు ఇంటిపేరే లేదు, యజమాని ఆస్తి జాబితాలో ఒంటి పేరు, అంతే. విముక్తి పత్రంలో ఇంటిపేరు రాయాలి. అయితే వలసరాజ్యంలోని తెల్ల కుటుంబాల పేర్లు వాళ్ళకు ఇవ్వకూడదు. దాంతో ఉన్న పేర్లనే తిరగేశారు. డె ఫ్రీస్ తిరగబడి ఫ్రీస్డె అయింది. విల్కెన్స్ తిరగబడి కెన్స్‌విల్ అయింది. నోయిట్‌మేర్ అనే పేరు కూడా అక్కడ ఉంది. 'ఇంకెన్నడూ వద్దు' అని దాని అర్థం.

విముక్తి అన్న మాటకు కూడా ఒక మెలిక ఉంది. ఆ తర్వాత పదేళ్ళపాటు, 1873 దాకా, వాళ్ళలో పని చేయగలవాళ్ళు ప్రభుత్వ పర్యవేక్షణలో తోటల్లో పనిచేయాలన్న షరతు పెట్టారు. చేతికి కొత్త ఇంటిపేరు వచ్చింది, కాళ్ళకు పాత బాటే మిగిలింది. 1995లో గోటెన్‌బర్గ్‌లో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిచిన సురినామ్ అమ్మాయి లెటీషియా ఫ్రీస్డె ఆ ఇంటిపేరును ప్రపంచానికి వినిపించింది. బానిసత్వంలో తమ దేశం పాత్రకు అప్పటి డచ్ ప్రధాని మార్క్ రూట్టె 2022 డిసెంబరులో, రాజు విల్లెమ్ అలెగ్జాండర్ 2023 జులై 1న క్షమాపణ చెప్పారు.

ఈ బానిసల పేర్ల కథలో మన తీరానికి సంబంధించిన ముక్క ఒకటుంది. డచ్చివాళ్ళు మచిలీపట్నంలో, ప్రళయకావేరి సరస్సు పక్కనున్న పులికాట్‌లో 17వ శతాబ్దం మొదట్లోనే పాతుకుపోయారు. తమ ఓడల్లో బట్టలతోపాటు మనుషులనూ బానిసలుగా ఎక్కించారు. దక్షిణాఫ్రికాలోని కేప్ వలసరాజ్యానికి చేరిన అలాంటి వాళ్ళ పేర్ల చివర ఇంటిపేరుకు బదులు వచ్చిన చోటు పేరు తగిలించేవారు. బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు 'ఫాన్ బెంగాలె', మన తీరం నుంచి వెళ్ళినవాళ్ళు 'ఫాన్ కోరమాండల్'. ఆ వరుసలో ఒకామె పేరు పాత రికార్డుల్లో పులికాట్ పెద్ద కాత్రైన్ అని ఉంది. శిక్షపడిన ఖైదీగా బటావియా (ఇప్పటి జకార్తా) నుంచి పంపేస్తే, 1657లో ఆమె కేప్‌కు చేరింది. ఆమె కొడుకు క్రిస్టోఫెల్ స్నైమన్. దక్షిణాఫ్రికాలో ఈనాడున్న స్నైమన్ కుటుంబాలకు మూలపురుషుడు ఆయనే. ఆ ఇంటిపేరు తండ్రివైపు నుంచి వచ్చింది, పులికాట్ అన్నది తల్లితోనే ఆగిపోయింది.

అరుదైన పేర్లు అంతరించేదీ ఇలాగే. కొడుకుల్లేని ఇంట్లో పేరు ఆగిపోతుంది. ఈ లెక్క ఎలా నడుస్తుందో 1874లోనే ఇంగ్లాండులో ఫ్రాన్సిస్ గాల్టన్, హెన్రీ వాట్సన్ గణితంతో చూపించారు. నెదర్లాండ్స్‌లో 1998 దాకా పెళ్ళయిన దంపతుల బిడ్డకు తండ్రి పేరే వచ్చేది. ఆ ఏడు నుంచి తల్లి పేరైనా పెట్టుకోవచ్చన్నారు. పేరు మరీ అసభ్యంగానో నవ్వులపాలు చేసేదిగానో ఉంటే మార్చమని అడిగే హక్కు చట్టంలో ఎలాగూ ఉంది. అయినా నాక్ట్‌ఖెబోరెన్లు నాక్ట్‌ఖెబోరెన్లుగానే కొనసాగుతున్నారు. 2024 జనవరి 1 నుంచి మరో వెసులుబాటు వచ్చింది. తల్లి ఇంటిపేరు, తండ్రి ఇంటిపేరు రెండూ బిడ్డకు పెట్టవచ్చు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది తల్లిదండ్రుల ఇష్టం. రెండింటి మధ్య అడ్డగీత మాత్రం ఉండదు. అది పెళ్ళయ్యాక భర్త పేరో భార్య పేరో కలిపి రాసుకునేవాళ్ళకు వాడుకలో ఉన్న గుర్తు. కొత్త చట్టం కింద పుట్టిన డె యోంగ్ నాక్ట్‌ఖెబోరెన్‌కు ఆ గీత లేకుండానే జనన పత్రం ఇస్తారు.