దిర్హం రేటు గీత మీద ఉందా, కిందుందా?

రేటుని మనం రోజూ తేదీల వారీగా చూస్తాం. పైకీ కిందకీ పోతుంటుంది, ఏమీ తేలదు. ఈసారి తేదీలు పక్కన పెట్టండి. అడ్డంగా డాలర్‌కి ఎన్ని రూపాయలో, నిలువుగా దిర్హంకి ఎన్ని రూపాయలో వేసుకుని, రోజుకో చుక్క పెట్టండి.

మార్కెట్ రేట్లయితే చుక్కలన్నీ దారం కట్టినట్టు ఒకే గీత మీద పడతాయి. ఎందుకంటే 1997 నుంచి యూఏఈలో డాలర్ అంటే 3.6725 దిర్హంలే. దిర్హం తనంతట తాను పెరగదు. డాలర్ ముందు రూపాయి కదిలితేనే అదీ కదులుతుంది.

డాలర్ 84 రూపాయలుందనుకోండి. 3.6725తో భాగిస్తే 22.87. మీ ఎక్స్ఛేంజ్‌లో 22.60 ఇస్తే చుక్క గీత కింద పడినట్టే. ఆ 27 పైసలు వాళ్ళు మిగుల్చుకునేది. 2000 దిర్హంలు పంపితే 540 రూపాయలు పోయినట్టు. ఫీజు వేరే.

సౌదీలో ఉన్న అన్నలు 3.75తో భాగించండి. కువైట్ దినార్‌ని డాలర్ ఒక్కదానికే కాదు, కొన్ని కరెన్సీలకి కలిపి కట్టారు. అక్కడ చుక్కలు గీతకి కొంచెం అటూ ఇటూ పడతాయి.

రూపాయి ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. గీతకి దగ్గరగా ఎవరిస్తున్నారో మాత్రం డబ్బు పంపే ముందు ఫోన్‌లో లెక్కేసి చూసుకోవచ్చు.