క్రాప్ సెన్సర్ కెమెరాకు ఒకే ఒక్క జూమ్: ఏ అంకె చూసి కొనాలి?

కొత్తగా కెమెరా కొన్నవారి చేతిలో సాధారణంగా దానితోపాటు పెట్టెలో వచ్చిన 18-55 మిల్లీమీటర్ల జూమ్ లెన్సే ఉంటుంది. పగటి వెలుతురులో దానితో చిక్కేమీ లేదు. చిక్కల్లా రాత్రి పెళ్లిపందిట్లో బయటపడుతుంది. అర్ధరాత్రి దాటిన ముహూర్తం, పందిరి నిండా పసుపుపచ్చని దీపాలు, అడ్డుతెర తొలగించే సమయం. ఛాయాగ్రాహకుడు వధూవరుల ముఖాల కోసం జూమ్‌ను 55 వైపు తిప్పుతాడు. ఆ కొసన లెన్స్ ద్వారం ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు. షట్టర్ వేగం సెకనులో 15వ వంతుకు పడిపోతుంది. జీలకర్ర బెల్లం పెడుతున్న చేతులు చిత్రంలో అలుక్కుపోతాయి. మళ్లీ తీద్దామంటే ఆ ముహూర్తం మళ్లీ రాదు. చాలామంది అప్పుడు కెమెరాను తప్పుపట్టి, మరింత ఖరీదైన కెమెరా ధర విచారించడం మొదలుపెడతారు. నిజానికి వారు ముందుగా ఆలోచించవలసింది లెన్స్ గురించి.

అసలు క్రాప్ సెన్సర్ అంటే ఏమిటి? పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై ఒక్కో చిత్రం 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉండేది. అదే కొలతతో చేసిన సెన్సర్‌ను ఫుల్ ఫ్రేమ్ అంటారు. సామాన్యులు ఎక్కువగా కొనే నికాన్, సోనీ, ఫ్యూజీ కెమెరాలలో సెన్సర్ సుమారు 23.5 x 15.6 మిల్లీమీటర్లు, కెనాన్‌లో ఇంకొంచెం చిన్నది, 22.3 x 14.9. లెన్స్ తన పని తాను మామూలుగానే చేస్తుంది. చిన్న సెన్సర్ ఆ దృశ్యంలో నడిమి భాగాన్ని మాత్రమే పట్టుకుంటుంది. పెద్ద కిటికీలోంచి చూసిన తోటనే చిన్న కిటికీలోంచి చూసినట్టు. అందుకే లెన్స్‌పై రాసిన అంకెను 1.5తో, కెనాన్‌కైతే 1.6తో గుణించి చూడమంటారు. మారేది కనిపించే మేర మాత్రమే. లెన్స్ నాభ్యంతరం మారదు.

ఈ గుణకారం తెలియక జరిగే పొరపాటు ఒకటుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకు పేరుపొందిన 24-70 జూమ్‌ను, ‘రేపు పెద్ద కెమెరా కొంటే పనికొస్తుంది’ అనుకుంటూ చిన్న కెమెరాకు కొంటారు. 1.5 రెట్ల లెక్కన అది 36-105కు సమానమవుతుంది. ఇంటి హాలులో పాతికమంది బంధువులను వరుసగా నిలబెట్టి తీయబోతే వీపు వెనుక గోడకు తగులుతుంది గానీ, చివరి ఇద్దరూ చట్రంలోకి రారు. రేపటి కెమెరా కోసం ఈరోజు చిత్రాలను వదులుకోవడం మంచి బేరం కాదు. క్రాప్ సెన్సర్‌పై 24-70 చేసే పనిని చేసేది సుమారు 16 లేదా 17 నుంచి 50 వరకు సాగే లెన్స్. నికాన్ 2003లో, కెనాన్ 2006లో 17-55 ఎఫ్/2.8 లెన్సులు తెచ్చింది ఈ అవసరానికే. టామ్రాన్, సిగ్మా సంస్థల 17-50లు అదే పనిని తక్కువ ధరకు చేసిపెట్టాయి.

ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించేది జూమ్ చివరి అంకె. కొనేవారు ముందుగా చూడవలసింది మొదటి అంకె. నికాన్ కొలత సెన్సర్‌పై 18 మిల్లీమీటర్ల వద్ద చట్రంలో మూల నుంచి మూలకు 76 డిగ్రీల మేర కనిపిస్తే, 16 వద్ద 83 డిగ్రీలు కనిపిస్తుంది. రెండే మిల్లీమీటర్లు, ఏడు డిగ్రీల తేడా. అదే రెండు మిల్లీమీటర్లు 135 దగ్గర కలిపినా ఎవరి కంటికీ ఆనవు. చార్మినార్ పక్కన లాడ్ బజార్ మొదట్లో నిలబడి ఆ కట్టడాన్ని అడుగు నుంచి మీనారు కొస వరకు ఒకే చట్రంలో పట్టాలని చూసినవారికి ఈ ఏడు డిగ్రీల విలువ తెలుస్తుంది. దూరంగా ఉన్నదాని వైపు నాలుగు అడుగులు ముందుకు వేయవచ్చు. సందులో వెనక్కి వేయడానికి చోటుండదు.

రెండో అంకె ఎఫ్ తరువాత వచ్చేది. అది ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురును లోనికి తెస్తుంది. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/2.8 వద్ద నాలుగు రెట్ల వెలుతురు వస్తుంది. పైన చెప్పిన పందిట్లో సెకనులో 15వ వంతు ఉన్న వేగం 60వ వంతుకు చేరుతుంది. ‘స్టెబిలైజేషన్ ఉంది కదా’ అని దుకాణదారు అనవచ్చు. అది ఫోటో తీసేవారి చేతి వణుకును అదుపు చేస్తుంది, పెళ్లికొడుకు చేతి కదలికను కాదు. ఐఎస్ఓ పెంచడం ఇంకో మార్గం. హద్దు మీరితే చిత్రంపై ఇసుక చల్లినట్టవుతుంది.

మరి 18-200, 18-300 వంటి సుదీర్ఘ జూమ్‌ల మాటేమిటి? టామ్రాన్ 2017లో ఏకంగా 18-400 తెచ్చింది. వీటిని తీసిపారేయడం న్యాయం కాదు. ఎండాకాలం దుమ్ములో బస్సు దిగి హంపి చూసేవారికి లెన్స్ మార్చే పని లేకపోవడం పెద్ద వరమే. సెన్సర్‌పై దుమ్ము పడదు. నేలపట్టులో గూడబాతులను కూడా కొంత దగ్గరగా చూపగలవు. కానీ వీటిలో చాలావాటి ద్వారం దూరపు కొసన ఎఫ్/5.6 లేదా 6.3కు కుంచించుకుపోతుంది, చిత్రం కాస్త మెత్తబడుతుంది. పగటి యాత్రికులకు ఇవి సరిపోతాయి. రాత్రి ముహూర్తాలకు డబ్బు తీసుకుని పనిచేసేవారికి సరిపోవు.

ఇల్లు, ప్రయాణం, పండుగ అన్నిటికీ ఒక్కటే లెన్స్ కావాలనుకుంటే నడిమి దారి మేలు. కెనాన్ 15-85, నికాన్ 16-80 ఎఫ్/2.8-4, ఫ్యూజీ 16-80 ఎఫ్/4 ఆ కోవలోవి. వీటిలో కెనాన్‌ది 2009 నాటి ఎఫ్/3.5-5.6 లెన్స్, వెడల్పులో మేటి, వెలుతురులో సామాన్యం. పెళ్లిళ్లే జీవనాధారమైతే మాత్రం కొసవరకు ఎఫ్/2.8 ఉన్నదానికే డబ్బు పెట్టాలి. మిర్రర్‌లెస్ కెమెరాలకు 2021లో వచ్చిన రెండు లెన్సులు ఈ ఎంపికను తేలిక చేశాయి: సోనీ కెమెరాలకు సుమారు 290 గ్రాములే ఉండే సిగ్మా 18-50, 525 గ్రాముల టామ్రాన్ 17-70. మొదటిదానిలో స్టెబిలైజేషన్ లేదు, రెండోదానిలో ఉంది. కెమెరాలోనే ఆ సౌకర్యం లేనివారు ఈ తేడాను గమనించాలి.

కొనే ముందు చేయదగిన పని ఒకటుంది, దానికి ఖర్చు లేదు. ఇప్పటివరకు తీసిన చిత్రాలను కంప్యూటర్‌లో తెరిస్తే ఏది ఎన్ని మిల్లీమీటర్ల వద్ద, ఏ ఐఎస్ఓతో తీశారో వివరాలలో కనిపిస్తుంది. ఎక్కువ భాగం 18 దగ్గరే గుమిగూడితే వెడల్పు చాలడం లేదని అర్థం. ఐఎస్ఓ అంకెలు ఎప్పుడూ పైపైనే ఉంటే వెలుతురు చాలడం లేదు.

పాత లెన్స్ కొనేవారికి మరికొన్ని జాగ్రత్తలు అవసరం. నికాన్ డీ3000, డీ5000 శ్రేణి కెమెరాలలో ఫోకస్ మోటారు ఉండదు. మోటారు లేని పాత లెన్సులు వాటిపై చేతితో తిప్పితేనే ఫోకస్ అవుతాయి. లెన్స్‌ను కిందికి వంచినప్పుడు జూమ్ దానంతటది జారుతున్నదేమో చూడాలి. ఒకవైపు నుంచి టార్చి వెలుగు వేసి రెండోవైపు నుంచి పరికించాలి. సాలెగూడులాంటి సన్నని పోగులు కనిపిస్తే అది బూజు. కోస్తా ఊళ్లలో, వానాకాలపు చెమ్మలో, ముఖ్యంగా తోలు సంచిలో మూసిపెట్టిన లెన్సులకు ఇది త్వరగా పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచితే చాలావరకు నివారించవచ్చు. బూజు అద్దంపై ఉన్న పూతను ఒకసారి తినేసిందంటే, తుడిపించినా ఆ మచ్చ పోదు.