రైలుకు దారి మార్చే మోటారు

రావికమతం మండలంలో రైలు పట్టా లేదు. చోడవరం, వడ్డాది మీదుగా నర్సీపట్నం వైపు సాగే రోడ్డే ఈ పల్లెలకు పెద్ద దారి. రైలెక్కాలంటే అనకాపల్లికో, యలమంచిలికో, నర్సీపట్నం రోడ్డు స్టేషనుకో పోవాలి. 1893, 1896 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా పడిన ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం కొండలకు దూరంగా, సముద్రం వైపునే ఉండిపోయింది.

అనకాపల్లి ప్లాట్‌ఫారం చివర కాసేపు నిలబడితే ఒక విషయం కళ్లబడుతుంది. మెయిన్ లైనులో వస్తున్న గూడ్సు బండి మెల్లగా పక్కనున్న లూప్ లైనులోకి తిరుగుతుంది. వెనకాల వచ్చిన ఎక్స్‌ప్రెస్ దాన్ని దాటేసి పోతుంది. రైలింజనుకు స్టీరింగు ఉండదు. లోకో పైలట్ చేతిలో ఉండేవి వేగం, బ్రేకు మాత్రమే. వేల టన్నుల బండి ఎటు పోవాలో తేల్చేది పట్టాల పక్కన కంకర మధ్య కూర్చున్న ఒక ఇనప పెట్టె. రైల్వేలో దాన్ని పాయింట్ మెషీన్ అంటారు. బల్ల మీద నమూనా రైలు మార్గం కట్టుకునేవాళ్ల దగ్గర అదే వేలెడంత పాయింట్ మోటారు. రెండింటి కథనూ కలిపి చదివితేనే రైలు భద్రత వెనకున్న ఆలోచన పూర్తిగా అర్థమవుతుంది.

ముందు పాయింటు అంటే ఏమిటో చూద్దాం. ఒక దారి రెండుగా చీలే చోట బయటి పట్టాలు రెండూ కదలవు. వాటిని స్టాక్ రైళ్లు అంటారు. వాటి మధ్య, కొసలు సన్నగా చెక్కిన రెండు టంగ్ రైళ్లు ఉంటాయి. ఈ రెండూ జంటగా అటూ ఇటూ జరుగుతాయి. ఒకటి తన పక్కనున్న స్టాక్ రైలుకు అతుక్కుంటే రెండోది దూరంగా ఉంటుంది. అతుక్కున్న టంగ్ రైలు చక్రం అంచును నెట్టి బండిని తన వెంట మళ్లిస్తుంది. మన బ్రాడ్ గేజ్ లైన్లలో తెరిచి ఉన్న వైపు కొస దగ్గర ఎడం సాధారణంగా 115 మిల్లీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. అంత చిన్న కదలికతో బండి వేరే దారి పడుతుంది.

ఈ కొసల పాయింటుకు 1838లో ఇంగ్లండులో చార్లెస్ ఫాక్స్ అనే ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు. తొలి రోజుల్లో ప్రతి పాయింటు దగ్గరా ఒక మనిషి నిలబడి లీవరు లాగేవాడు. అతడు ఒకటి లాగి, సిగ్నల్ చూపేవాడు ఇంకొకటి చూపితే ప్రమాదమే. 1856లో జాన్ సాక్స్‌బీ దీనికి ఒక మందు కనిపెట్టాడు. పాయింట్ల లీవర్లనూ సిగ్నల్ లీవర్లనూ ఒకే చోటికి తెచ్చి, ఒకదానితో ఒకటి ముడిపెట్టాడు. పాయింటు సరైన వైపు లేకపోతే సిగ్నల్ లీవరు అసలు కదలదు. దీన్నే ఇంటర్‌లాకింగ్ అంటారు. 1889లో ఐర్లండులోని ఆర్మా దగ్గర ఘోర ప్రమాదం జరిగాక, అదే ఏడాది బ్రిటన్‌లో ప్రయాణికుల లైన్లకు ఇంటర్‌లాకింగ్‌ను చట్టం తప్పనిసరి చేసింది.

లీవర్లన్నీ సిగ్నల్ కేబిన్ అనే గదిలోకి చేరాక కొత్త చిక్కు వచ్చింది. కేబిన్ నుంచి పాయింటు దాకా ఇనప కడ్డీలు వేయాలి. ఉక్కు ఎండకు సాగుతుంది. వంద మీటర్ల కడ్డీ, ఉష్ణోగ్రతలో 30 డిగ్రీల తేడాకు దాదాపు 36 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 115 మిల్లీమీటర్లు కదలాల్సిన చోట 36 తేడా అంటే మాటలు కాదు. అందుకే కడ్డీల మధ్యలో ఆ సాగుడును సరిచేసే మీటలు పెట్టేవారు. అయినా దూరం పెరిగేకొద్దీ రాపిడి, బరువు, మనిషి భుజబలం అన్నీ అడ్డుపడ్డాయి. పెద్ద యార్డుల్లో దూరంగా ఉన్న పాయింట్ల కోసమే అదనపు కేబిన్లు కట్టాల్సి వచ్చింది.

దారి చూపింది కరెంటు. 1894లో నేటి చెక్ దేశంలోని ప్రెరోవ్ స్టేషన్లో సీమెన్స్ అండ్ హాల్స్కే కంపెనీ తొలి విద్యుత్ ఇంటర్‌లాకింగ్‌ను నడిపింది. 1899లో ఇంగ్లండులోని క్రూ జంక్షన్‌కు కూడా విద్యుత్ పాయింట్లు వచ్చాయి. కడ్డీ స్థానంలో తీగ వచ్చింది. తీగ ఎండకు సాగినా పాయింటు మీద ఆ ప్రభావం పడదు. తీగను చాలా దూరం లాగవచ్చు.

అయితే అసలు విశేషం మోటారు కాదు. పట్టాను తోయడానికి ఏ మోటారైనా చాలు. రైల్వే పాయింట్ మెషీన్ మూడు పనులు చేస్తుంది: పట్టాను జరుపుతుంది, జరిపిన చోట తాళం వేస్తుంది, తాళం పడిందని కబురు పంపుతుంది. భారతీయ రైల్వేలో విరివిగా కనిపించేది 110 వోల్టుల డీసీ మోటారుతో నడిచే 143 మిల్లీమీటర్ల స్ట్రోక్ యంత్రం. మందమైన కొత్త రకం టంగ్ రైళ్ల కోసం 220 మిల్లీమీటర్ల యంత్రాలు వచ్చాయి. సికింద్రాబాద్ మెట్టుగూడలోని సిగ్నల్, టెలికాం వర్క్‌షాపులో ఈ యంత్రాలను తయారు చేస్తారు.

స్టేషన్లో బటన్ నొక్కగానే పెట్టెలో మోటారు తిరుగుతుంది. పళ్లచక్రాలు ఆ వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి. మొదట పాత తాళం ఊడుతుంది, తర్వాత పట్టా జరుగుతుంది, చివర కొత్త తాళం పడుతుంది. అంతా కొద్ది సెకన్లలోనే. మధ్యలో కంకర రాయి ఇరుక్కుంటే? మోటారుకూ పళ్లచక్రాలకూ మధ్య ఉన్న ఫ్రిక్షన్ క్లచ్ జారిపోతుంది. పట్టా వంగదు, మోటారు కాలదు. కరెంటు పూర్తిగా పోతే క్రాంక్ హ్యాండిల్‌తో చేత్తో తిప్పుతారు. ఆ హ్యాండిల్ దూర్చగానే మోటారుకు కరెంటు తెగిపోతుంది. మనిషి చెయ్యి పెట్టిన చోట యంత్రం తనంతట తాను కదలకూడదని ఈ ఏర్పాటు.

కబురు పంపే పనిలో మరీ జాగ్రత్త ఉంది. రెండు టంగ్ రైళ్లకూ విడివిడిగా కడ్డీలు తగిలించి, రెండూ ఉండాల్సిన చోట ఉన్నాయో లేదో యంత్రం చూసుకుంటుంది. సిబ్బంది దీన్ని పరీక్షించే తీరు సూటిగా ఉంటుంది. కొస నుంచి 150 మిల్లీమీటర్ల దూరంలో, స్టాక్ రైలుకూ టంగ్ రైలుకూ నడుమ 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప ముక్క పెడతారు. అప్పుడు పాయింటుకు తాళం పడకూడదు, పడిందన్న కబురు పోకూడదు, క్లచ్ జారాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా ఆ పాయింటు పరీక్షలో నెగ్గనట్టే.

ఇక బల్ల మీది రైళ్ల సంగతి. 1891లో లీప్‌జిగ్ సంతలో జర్మనీకి చెందిన మార్క్లిన్ కంపెనీ, కీ ఇస్తే నడిచే రైలుతో పాటు ముక్కలు ముక్కలుగా కలుపుకునే పట్టాలను చూపించింది. కొలతలు ఒకే తీరుగా ఉండటంతో పిల్లలు తమ మార్గాన్ని ఏటేటా పెంచుకోగలిగారు. కాలక్రమంలో పెద్దలు కూడా ఈ బొమ్మల విలువ గుర్తించారు. 1912లో లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే, సిగ్నల్ సిబ్బందికి పాఠం చెప్పడానికి మాంచెస్టర్ విక్టోరియా స్టేషన్లో ఒక పెద్ద నమూనా మార్గం కట్టింది. అది ఇప్పుడు యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియంలో ఉంది. అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులు 1946లో నమూనా రైళ్ల క్లబ్బు పెట్టి, టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో వాడే రిలేలతో పాయింట్లు నడిపారు. తొలితరం కంప్యూటర్ ప్రోగ్రామర్లలో కొందరు ఆ బల్ల కిందే తీగలు కలపడం నేర్చుకున్నారు.

తెలుగు నేల మీద కూడా ఇలా నమూనాలతో నేర్పే పాఠశాల ఉంది. 1957 నవంబరు 24న సికింద్రాబాద్‌లో మొదలైన ఇరిసెట్, భారతీయ రైల్వే సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే సంస్థ. అక్కడి నమూనా గదిలో చిన్న పట్టాలు, చిన్న సిగ్నళ్లు, నిజమైన సిగ్నలింగ్ పరికరాలు పెట్టి రైళ్లు నడిపించే పద్ధతి నేర్పుతారు. మౌలాలిలోని జోనల్ రైల్వే శిక్షణ సంస్థలో స్టేషన్ మాస్టర్లు నేర్చుకునేదీ ఇలాంటి నమూనా గదిలోనే. అక్కడ తప్పు జరిగితే బొమ్మ పెట్టె పట్టా తప్పుతుంది, అంతే.

ఇంట్లో అలాంటిది కట్టాలంటే ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ బల్ల సరిపోతుంది. మన తీరప్రాంతపు తేమకు మామూలు ప్లైవుడ్ వంకరపోతుంది కాబట్టి మెరైన్ రకం తీసుకుని, కింద చట్రం బిగించడం మంచిది. ఎక్కువమంది వాడేది హెచ్ఓ కొలత, అంటే అసలులో 87వ వంతు. దుకాణంలో దొరికే పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజ్‌కు సరిపోతుంది. మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్‌ను 87తో భాగిస్తే 19.3 వస్తుంది. భారతీయ రైలును అచ్చుగుద్దినట్టు కట్టాలనుకునేవాళ్లు పట్టా కూడా సొంతంగా చేసుకోవాల్సిందే. 115 మిల్లీమీటర్ల పాయింటు ఎడం ఈ లెక్కన 1.3 మిల్లీమీటర్లే కావాలి. కానీ నమూనా చక్రాల అంచులు మందంగా ఉంటాయి కాబట్టి అంతకంటే ఎక్కువే ఉంచుతారు.

మోటార్లు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది జంట సాలినాయిడ్. రెండు తీగచుట్టల మధ్య ఒక ఇనప కడ్డీ ఉంటుంది. ఏ చుట్టకు కరెంటు ఇస్తే కడ్డీ అటు ఎగిరి టక్కున పట్టాను మారుస్తుంది. కరెంటు క్షణం మాత్రమే ఇవ్వాలి. బటన్ ఇరుక్కుపోతే చుట్ట కాలిపోతుంది. దీనికి విరుగుడు కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్. 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను 25 వోల్టులకు నింపితే అందులో సుమారు ఒకటిన్నర జౌళ్ల శక్తి నిలుస్తుంది. వంద గ్రాముల బరువును మీటరున్నర ఎత్తుకు లేపేంత శక్తి అది. బటన్ నొక్కగానే అదంతా ఒక్క దెబ్బలో చుట్టలోకి పోతుంది. ఆ తర్వాత బటన్ నొక్కి పట్టుకున్నా కాల్చేంత కరెంటు రాదు.

రెండోది నెమ్మదిగా తిరిగే 12 వోల్టుల మోటారు. రెండు మూడు సెకన్లలో పట్టాను జరిపి, చివరికి చేరాక కూడా కరెంటు తీసుకుంటూ ఆగి నిలబడుతుంది. ఆగినప్పుడు తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి కాలదు. తీగ స్ప్రింగు ద్వారా పట్టాను అదిమి పట్టి ఉంచుతుంది. చూడటానికి అసలు పాయింటు కదిలినట్టే ఉంటుంది. మూడోది బొమ్మ విమానాల్లో వాడే తొమ్మిది గ్రాముల సర్వో. ఇరవై మిల్లీసెకన్లకు ఒకసారి, ఒకటి నుంచి రెండు మిల్లీసెకన్ల నిడివి ఉన్న సంకేతం పంపితే, ఆ నిడివిని బట్టి దాని చెయ్యి ఎంత కోణంలో నిలవాలో తెలుస్తుంది. ఆర్డుయినో బోర్డు ఒకటి ఉంటే హైస్కూలు పిల్లలే దీన్ని నడపగలరు.

బిగించడంలో క్రమం ముఖ్యం. పట్టా పరచక ముందే, టంగ్ రైళ్లను కలిపే అడ్డకడ్డీ వచ్చే చోటు గుర్తుపెట్టి బల్లకు వేలు పట్టేంత రంధ్రం వేయాలి. పట్టా పరిచాక పాయింటును వేలితో జరిపి చూడాలి. వేలికి బరువనిపిస్తే మోటారుకూ బరువే. తర్వాత మోటారును నడిమి స్థానంలో, పాయింటును కూడా నడిమి స్థానంలో ఉంచి బిగిస్తే రెండు వైపులా ఒకే ఒత్తిడి పడుతుంది. కంకర పొడి చల్లేటప్పుడు అడ్డకడ్డీ దగ్గర ఒక్క చుక్క జిగురు పడినా మొత్తం పని చెడుతుంది.

ఇక క్రాసింగు. పట్టాల్లో ఒకటి ప్లస్, ఒకటి మైనస్. పాయింటు మధ్యలో రెండూ ఒకదాన్నొకటి దాటే చోట ఉన్న లోహపు ముక్క, బండి ఎటు పోతుందో దాన్ని బట్టి ప్లస్సో మైనస్సో కావాలి. అందుకోసం మోటారుతో పాటు మారే చిన్న స్విచ్ పెడతారు. చాలామంది అదే స్విచ్‌తో ప్యానెల్ మీద దీపం కూడా వెలిగించుకుంటారు. తప్పు జరిగేది ఇక్కడే. ఆ దీపం మోటారు తిరిగిందని చెబుతుంది తప్ప పట్టా జరిగిందని చెప్పదు. మోటారుకూ పట్టాకూ నడుమ ఉన్న తీగ ఊడిపోయినా దీపం వెలుగుతూనే ఉంటుంది. అసలు రైల్వేలో టంగ్ రైలుకే కడ్డీ తగిలించి కబురు తీసుకోవడానికి కారణం ఇదే.

ఆ కబురు తప్పితే ఏమవుతుందో 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్‌లో దేశమంతా చూసింది. షాలిమార్ నుంచి విశాఖ మీదుగా చెన్నై పోవాల్సిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను కోసం పచ్చ సిగ్నల్ ఉంది. పాయింటు మాత్రం లూప్ లైనుకు ఉంది. ఆ లూపులో గూడ్సు బండి నిలబడి ఉంది. 290 మందికి పైగా ప్రాణాలు పోయాయి. అంతకుముందు సిగ్నల్ సర్క్యూట్‌లో చేసిన మార్పులలోని లోపాలు, ఆ రోజు లెవెల్ క్రాసింగ్ గేటుకు సంబంధించిన సిగ్నల్ పని చేస్తున్నప్పుడు జరిగిన లోపాలు దీనికి కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. మోటారు తన పని తాను చేసింది. మోసం చేసింది తీగల కలయిక. బండ్లు ఢీకొనకుండా ఆపడానికి దక్షిణ మధ్య రైల్వేలో పరీక్షలు జరుపుకొన్న కవచ్ అనే వ్యవస్థ కూడా, దారి గురించి ఇంటర్‌లాకింగ్ చెప్పిందే నమ్ముతుంది.

అందుకే నమూనా రైలు మార్గాన్ని కాలక్షేపపు బొమ్మగా చూడటం పొరపాటు. రావికమతం, చోడవరం ప్రాంతపు పాఠశాలల్లో సైన్సు ఉపాధ్యాయులు ఒక్క పాయింటుతో, ఒక్క సర్వోతో, రెండు దీపాలతో ఇది మొదలుపెట్టవచ్చు. స్టేషను భవనం, సిగ్నల్ స్తంభం కావాలంటే దగ్గర్లోనే ఏటికొప్పాకలో అంకుడు కర్రను కోరుకున్న రూపానికి తిప్పగల చేతులున్నాయి. ఒక్క షరతు మాత్రం పాటించాలి. దీపానికి తీగ మోటారు నుంచి కాక టంగ్ రైలు నుంచే తీసుకోవాలి. ఆ పైన టంగ్ రైలుకూ స్టాక్ రైలుకూ నడుమ ఒక అట్టముక్క పెట్టి, దీపం వెలగకుండా ఆగుతుందో లేదో పిల్లల చేతనే పరీక్షించాలి.