నల్ల గీత గీస్తే రహస్యం దాగదు!

ఈరోజు ఆఫీసు డాక్యుమెంట్లలో రహస్యాలు ఎలా దాచాలో మాట్లాడుకుందాం. ముందు నేను చేసిన తప్పు చెప్తా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక క్లయింట్‌కి శాంపిల్‌గా పాత కొటేషన్ పంపమన్నారు. అందులో వేరే కస్టమర్ పేరు, రేట్లు ఉన్నాయి. పీడీఎఫ్ ఓపెన్ చేసి, వాటి మీద నల్ల డబ్బాలు పెట్టి పంపేశా. అరగంటలో ఆయన ఫోన్: "ఏం బాబూ, వాళ్లకిచ్చిన రేటే మాకూ ఇస్తారా?" నాకు చెమటలు పట్టేశాయి. చివరికి మా మేనేజర్‌కి ఆ రేటు ఇవ్వక తప్పలేదు.

ఏం జరిగిందంటే, పీడీఎఫ్‌లో అక్షరాలు ఒక పొర. నేను పెట్టిన డబ్బా దాని మీద ఇంకో పొర. కింద అక్షరాలు అలాగే ఉన్నాయి. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే మొత్తం వచ్చేస్తుంది.

కాగితం మీద గీస్తే సేఫా? అదీ కాదు. యాక్టివిజన్‌ని కొనకుండా మైక్రోసాఫ్ట్‌ని ఆపాలని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కోర్టుకెళ్లింది కదా. 2023 జూన్‌లో ఆ కేసులో సోనీ డాక్యుమెంట్ ఒకటి బయటికొచ్చింది. రహస్య అంకెల మీద మార్కర్‌తో గీసి స్కాన్ చేశారు. స్కాన్‌లో గీత కింద అంకెలు కనపడ్డాయి! 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' గేమ్‌కి 22 కోట్ల డాలర్లు ఖర్చయిందని అందరికీ తెలిసిపోయింది.

అంటే కప్పడం వేరు, తీసేయడం వేరు. మరి ఏం చేయాలి?

ఒకటి, ఒరిజినల్ వర్డ్ ఫైల్‌కి కాపీ తీసుకుని, ఆ మాటలు డిలీట్ చేసి, అక్కడ "తొలగించాం" అని రాయండి. ట్రాక్ చేంజెస్ ఆన్‌లో ఉంటే అన్నీ యాక్సెప్ట్ చేసి, అప్పుడు పీడీఎఫ్ చేయండి.

రెండు, పీడీఎఫ్ మాత్రమే ఉంటే అక్రోబాట్ ప్రోలో రిడాక్ట్ టూల్ వాడండి. మార్క్ చేసి వదిలేస్తే చాలదు, అప్లై కొట్టాలి. తర్వాత కొత్త పేరుతో సేవ్ చేయండి.

మూడు, ఎక్సెల్‌లో కాలమ్ హైడ్ చేసి పంపకండి. అవతలివాళ్లు అన్‌హైడ్ కొడితే అయిపోయింది. కావాల్సిన డేటా మాత్రమే కొత్త ఫైల్లో వాల్యూస్‌గా పేస్ట్ చేయండి.

పంపేముందు మీ ఫైల్ మీరే దొంగలా చూడండి. కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్. దాచిన మాట అక్కడ కనిపిస్తే మాత్రం సెండ్ కొట్టకండి. పది సెకన్ల పని. ఆరోజు నేను చేయనిది అదే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి!