సమష్టి కృషికి సరైన ప్రణాళిక

మన పరిశ్రమలలో భద్రతా వారోత్సవాలైనా, వార్షిక క్రీడలైనా తాడు లాగే పోటీ లేనిదే ముగియవు. విభాగాల మధ్య సఖ్యతకు అది చక్కని సాధనమని మనమందరం భావిస్తాం. అయితే అదే తాడు మనకొక హెచ్చరిక కూడా చేస్తున్నది.

ఫ్రాన్సు దేశపు వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మన్ మనుషులు కలిసి లాగేటప్పుడు వినియోగించే బలాన్ని పరిశీలించి 1913లో ఫలితాలను ప్రకటించాడు. ఒంటరిగా లాగినప్పటి బలాన్ని నూరుగా తీసుకుంటే, ఎనిమిది మంది కలిసినప్పుడు ఒక్కొక్కరి వంతు దాదాపు సగానికి పడిపోయింది. ‘మంది ఎక్కువైతే మజ్జిగ పలచన’ అన్న మన సామెతకు ఇది కొలతలతో కూడిన నిదర్శనం. ఇందుకు కారణాలు రెండు. అందరూ ఒకే క్షణాన లాగలేకపోవడం మొదటిది. తన వంతు తగ్గినా ఎవరికీ తెలియదన్న భావం రెండవది. అమెరికాలో బిబ్ లాటనే, ఆయన సహచరులు 1979లో చప్పట్లు, కేకలతో జరిపిన ప్రయోగాలు ఈ రెండవ కారణాన్ని బలపరిచాయి. ఎవరి వంతు ఎంతో విడిగా తెలిసేటట్లు చేస్తే ఆ అలసత్వం తొలగిపోతుందని వారే 1981లో నిరూపించారు.

దీనికి ఆచరణ రూపం మన ప్రభుత్వ రంగానికి కొత్తది కాదు. జపానులో 1962లో కవోరు ఇషికావా ప్రోత్సాహంతో ఆరంభమైన క్వాలిటీ సర్కిళ్లను భారతదేశంలో తొలిసారి 1980లో హైదరాబాదు సమీపంలోని రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం ప్రవేశపెట్టింది. ఒకేచోట పనిచేసే కొద్దిమంది స్వచ్ఛందంగా కూడి, తమ పనిలోని సమస్యను తామే ఎన్నుకొని, కారణాలను విశ్లేషించి, పరిష్కారాన్ని యాజమాన్యం ముందుంచడమే ఈ పద్ధతి. సంఖ్య పరిమితం, సమస్య సొంతం, ప్రతి సభ్యునికీ నిర్దిష్టమైన పని. దీని బలమంతా ఈ మూడింటిలోనే ఉన్నది.

కనుక ఏ కార్యక్రమాన్ని తలపెట్టినా ముందుగా ప్రయోజనాన్ని నిర్ణయించుకోవాలి. షిఫ్టు మారేటప్పుడు సమాచారం జారిపోతున్నదనుకుందాం. అప్పుడు ఆటల కన్న ఒక చిన్న అభ్యాసం మేలు. ఒక పంపు స్టాండ్‌బైలో ఉన్నది, ఒక బేరింగు వేడెక్కుతున్నది, ఒక వర్క్ పర్మిట్ ఇంకా ముగియలేదు. ఇటువంటి పది అంశాలను ఒక బృందానికి ఇచ్చి, అయిదు నిమిషాలలో రెండవ బృందానికి అప్పగించమనాలి. విన్నవారు రాసుకొన్న దానిని అసలు జాబితాతో సరిచూస్తే, ఏ మాట ఎక్కడ తప్పిపోయిందో అందరికీ కళ్లకు కడుతుంది. ఎవరినీ నిందించవలసిన అవసరం ఉండదు. నెల తరువాత మరలా చేసి చూస్తే మెరుగుదల కూడా తెలుస్తుంది.

రెండవది, సమయం. ఈ కార్యక్రమాలు డ్యూటీ వేళలలోనే జరగాలి. షిఫ్టులలో పనిచేసేవారికి అరుదుగా లభించే ఆదివారం వారి ఇంటివారిది. ఆ రోజును తీసుకొని ఐకమత్యాన్ని పెంచలేము. మూడవది, శారీరక బలం అవసరమైన ఆటలకే పరిమితమైతే పదవీ విరమణకు చేరువైనవారు, మోకాళ్ల నొప్పులున్నవారు, మహిళా ఉద్యోగులలో పలువురు ప్రేక్షకులుగా మిగులుతారు. ప్రేక్షకులు జట్టు సభ్యులు కారు.

నాలుగవది, మనం తరచు మరచిపోయేది కాంట్రాక్టు కార్మికుల విషయం. ఓవర్‌హాలింగ్ సమయంలో యంత్రానికి అతి చేరువలో ఉండేది వారే. బహుమతి ప్రదానానికి కుర్చీలు సర్దడానికే వారిని పిలిచి, బృందంలో చోటు కల్పించకపోతే ఆ లోపం యంత్రం దగ్గర బయటపడుతుంది. బేరింగులో వింత శబ్దాన్ని ముందుగా విన్న కార్మికుడు ‘మనకెందుకులే’ అని ఊరుకొంటే, ఆ మౌనానికి మూల్యం యంత్రం మాత్రమే చెల్లించదు. ఒక కుటుంబం కూడా చెల్లించవచ్చు.

చివరిగా అధికారులకొక మనవి. ఇటువంటి సమావేశాలలో మనం తక్కువ మాట్లాడి ఎక్కువ వినాలి. వచ్చిన సూచనలలో అమలు చేసినదేదో, చేయలేనిదేదో, ఎందువలననో నిర్ణీత గడువులోగా నోటీసు బోర్డుపై తెలపాలి. జవాబు రాని సూచన తరువాతి సూచనను ఆపివేస్తుంది. షిఫ్టులోని అతి చిన్న ఉద్యోగి కూడా ‘అయ్యా, ఇది సరిగా లేదు’ అని నిర్భయంగా చెప్పగలిగిన రోజున మన ప్రణాళిక ఫలించినట్లు.